కచుని గురుకులవాసము - నేటి వైద్యవిద్యార్థి

అంపశయ్యపై శయనించిన భీష్మపితామహుని చెంతకు దుర్యోధనుడు శల్యములను తీయుటలో నేర్పరులైన వైద్యులను వారి పరికరములతో సహా తోడ్కొని వచ్చెను. పితామహుడు వారిని చూచి, ధనమిచ్చి సత్కరించి పంపివేయుమని చెప్పెను. క్షత్రియునకు తగిన గతి లభించిన పిదప వైద్యులతో తనకు పని లేదని ఆయన భావము. అట్లు వైద్యులను మరలించిన ఆ మహనీయుడే, ఆ శయ్యపై నుండియే ధర్మరాజునకు శ్రీవిష్ణుసహస్రనామమును ఉపదేశించుచు, స్వామిని వైద్యుడనియు, భేషజమనియు, భిషక్కనియు, ఔషధమనియు కీర్తించెను. మనుష్యవైద్యుని సాగనంపిన నోటనే పరమవైద్యుని నామములు వెలువడుట గమనింపదగినది. వైద్యమును ఆయన తక్కువ చేయలేదు. వైద్యుడనెడి పేరు మొదట ఎవరికి చెందునో తెలిపినాడు. ఆ పేరును ధరింపగోరు మానవుడు దానిని అరువు తెచ్చుకొన్నవాడే యగును.

నిత్యము సహస్రనామపారాయణ జరుగు వైష్ణవగృహములలో నేడు ఎన్నింటిలోనో ఒక కుమారుడో కుమార్తెయో వైద్యకళాశాలలో చదువుచున్నారు. ప్రవేశపరీక్షలో ర్యాంకు రావలెనని తల్లి ముడుపు కట్టును. సీటు వచ్చిన పిమ్మట కుటుంబమంతయు అలిపిరి మెట్లెక్కి వచ్చి తలనీలాలు సమర్పించును. శ్రీవారి పాదాల చెంతనున్న తిరుపతి నగరము కూడ వైద్యవిద్యకు నెలవే. 1960లో శ్రీ వేంకటేశ్వర వైద్యకళాశాల, 1983లో దేవస్థానమువారి ఆయుర్వేద కళాశాల, 1993లో శ్రీ వేంకటేశ్వర వైద్యవిజ్ఞాన సంస్థ ఇక్కడ వెలసినవి. శనివారమునాడు గోవిందరాజస్వామి సన్నిధిలో పుస్తకమును చంకనుంచుకొని తీర్థము పుచ్చుకొను వైద్యవిద్యార్థులు యాత్రికులకు క్రొత్తవారు కారు.

ఆ బిడ్డ ఇల్లు విడుచునాటికి వయస్సు పదునెనిమిదేండ్లు. ఒక్కొక్కరికి అంతకన్న తక్కువ. అంతవరకు అమ్మ వడ్డించిన అన్నము తిని, నాన్న చెప్పిన వేళకు నిద్రించినవాడు ఒక్కనాటితో హాస్టలు గదికి చేరును. మొదటి వారములోనే శవము ఎదుట నిలువవలెను. నాలుగున్నరయేండ్ల చదువు, ఆ పై ఒక యేడు ఆసుపత్రిలో నిర్బంధసేవ. తోడివయస్సు వారు సినిమాలకు పోవు రాత్రులలో ఇతడు రక్తపు వాసన నడుమ మేల్కొని యుండవలెను. ఒకరి చావును చూచి వచ్చి, చేతులు కడుగుకొని, మరుసటి దినపు పరీక్షకు చదువవలెను. ఇంతటి బరువును అంత లేత భుజములపై మోపు చదువులు మిక్కిలి తక్కువ. ఈ సంగతిని మరచి ఆ పిల్లల నడవడిని గూర్చి తీర్పు చెప్పుట న్యాయము కాదు.

అయినను ఒక ఆశ్చర్యము మిగిలియున్నది. మద్యము కాలేయమును ఏ విధముగా గట్టిపరచి చెరచునో పగలు పాఠములో విన్న యువకుడే రాత్రి మద్యము త్రాగును. పొగాకు చేత నల్లబడిన ఊపిరితిత్తిని గాజుపాత్రలో చూచినవాడే మెట్ల క్రింద నిలిచి సిగరెట్టు వెలిగించును. తల పగిలి వచ్చిన క్షతగాత్రునకు కుట్లు వేయుటలో సాయపడి వచ్చినవాడే హెల్మెట్ లేకుండ, ఒక్క మోటారుసైకిలుపై ముగ్గురితో కలిసి కొండదారిలో పరుగెత్తును. నిద్ర రాకున్న నిద్రమాత్ర, నిద్ర ఆగకున్న మేలుకొలుపు మాత్ర. వ్రాసి యిచ్చు వైద్యుడును తానే, మ్రింగు రోగియు తానే. స్త్రీపురుష సంబంధములలోను అంతే. రోగములు ఏ త్రోవను సంక్రమించునో పటము గీసి చూపగలవారు తమ విషయము వచ్చినప్పుడు ఆ పటమును మడిచి పెట్టెలో పెట్టుదురు. అందరును ఇట్టివారని కాదు. ఆ కళాశాలలలో తపస్సువలె చదువుకొను బిడ్డలు వేలకొలది కలరు. తెలియక చెడువానిని గూర్చి పెద్దలు చింతింపనక్కరలేదు, చెప్పిన తెలిసికొనును. తెలిసి చెడువానికి ఏమి చెప్పవలెను? ప్రశ్న ఇక్కడ నున్నది.

ఈ ప్రశ్నను అందరికన్న ముందుగా వేసికొన్నవారు వైద్యులే. చరకసంహితలో 'ప్రజ్ఞాపరాధము' అను మాట కలదు. రోగములకు గల మూలకారణములలో దానిని చరకుడు ముఖ్యముగా పేర్కొనెను. ధీ, ధృతి, స్మృతి అను మూడును తప్పినప్పుడు మనుష్యుడు చేయు కర్మ ప్రజ్ఞాపరాధము. ధీ యనగా ఇది మేలు, ఇది కీడు అని ఉన్నది ఉన్నట్లు నిర్ణయించునది. ధృతి యనగా ఆ నిర్ణయమును దాటి పోవు మనస్సును పట్టి నిలుపునది. స్మృతి యనగా తాను ఎవడు, ఎందులకు వచ్చినాడు, పూర్వము ఏమి జరిగినది అనునది అవసరమైన క్షణమున గుర్తుకు వచ్చుట. కళాశాలలు మొదటిదానిని మిక్కిలి శ్రద్ధతో నేర్పుచున్నవి. పరీక్షలు దానికే, పతకములు దానికే. రెండవదానికి పుస్తకము లేదు. మూడవది గుర్తుంచుకొనుటయే యని విద్యార్థి భ్రమపడును. ఎముకల పేర్లన్నియు కంఠస్థములైన తనకు స్మృతి లేదనిన నవ్వును. కాని పుస్తకము మూసినప్పుడు గుర్తుకు వచ్చునది వేరు, సీసా మూత తెరచినప్పుడు గుర్తుకు రావలసినది వేరు.

ప్రజ్ఞాపరాధమున చేరిన కర్మలను చరకుడు చెప్పునప్పుడు వానిలో 'సాహసము'ను కూడ చేర్చెను. నేటి తెలుగున సాహసమన్నది మెచ్చుకోలు మాటయైనది. బావిలో పడిన బిడ్డను కాపాడినవానికి సాహసపురస్కారము ఇత్తురు. శాస్త్రభాషలో మాత్రము అది తన బలమెంతో చూచుకొనక, ఫలమేమో ఎంచక చేయు దుడుకు పని. మలమూత్రాది వేగములను ఆపరాదని చెప్పిన శాస్త్రమే, సాహసవేగమును మాత్రము ఆపి తీరవలెనని చెప్పినది. ఒక్క మాటకు ఈ రెండు అర్థములు ఉండుటచేతనే కాబోలు, యువకులు రెండవదానిని చేయుచు మొదటిదానిని చేసితిమని భావింతురు.

తెలివి ఒక్కటే రక్ష కాదనుటకు వైద్యచరిత్రలో ఒక ఉదాహరణము చాలును. అమెరికాదేశమున విలియం స్టూవర్ట్ హాల్‌స్టెడ్ అను శస్త్రవైద్యుడు (1852-1922) ఉండెను. శస్త్రచికిత్సలో రబ్బరు చేతితొడుగులను వాడుకలోనికి తెచ్చినవారిలో ఆయన ప్రముఖుడు. నేడు ఆసుపత్రులలో వాడు తొడుగులకు మూలము ఒక విధముగా ఆయనయే. 1884లో కార్ల్ కోలర్ అను వైద్యుడు కొకైను కంటిని తిమ్మిరెక్కించునని కనుగొన్నాడు. ఆ వార్త విన్న హాల్‌స్టెడ్, దానిని నరములలోనికి ఎక్కించి నొప్పి తెలియకుండ చేయు పద్ధతిని తనపైనను, సహచరులపైనను, విద్యార్థులపైనను పరీక్షించెను. ఉద్దేశము గొప్పది. ఫలితముగా లోకమునకు మేలు కలిగినది కూడ. కాని నెలలు గడువకముందే ఆయన ఆ మందునకు బానిసయైనాడు. దానిని మాన్పించుటకు మార్ఫియా నిచ్చిరి. జీవితాంతము ఆ మార్ఫియా ఆయనను విడువలేదు. ఆయనతో కలిసి పరీక్షలలో పాల్గొన్నవారిలో కొందరు మరల కోలుకొననే లేదు. ఆ కాలమున ఆ మందు గుణము తెలిసినవారు వారే. తెలిసినవారే పడిరి.

ఆధునికులును ఈ విషయమును గూర్చి ఆలోచింపకపోలేదు. మనుష్యుని మెదడులో ఆవేశమును అదుపుచేసి ముందువెనుకలు చూచు భాగము ఇరువదియైదవ యేటి వరకు పరిపక్వమగుచునే యుండునని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. రథము సిద్ధమై, గుఱ్ఱములు బలిసి, సారథి మాత్రము ఇంకను నేర్చుకొనుచున్న కాలమది. కఠోపనిషత్తు బుద్ధిని సారథిగా చెప్పినది గనుక ఈ పోలిక పాఠకులకు క్రొత్త కాదు.

లారెన్స్ కోల్‌బర్గ్ అను అమెరికా పండితుడు 1958లో షికాగో విశ్వవిద్యాలయమున సమర్పించిన తన పరిశోధనలో 72 మంది బాలురను కూర్చుండబెట్టి చిక్కుప్రశ్నలు వేసెను. వానిలో ప్రసిద్ధమైనది ఔషధమును గూర్చినదే. ఒకని భార్య మరణశయ్యపై నున్నది. ఆమెను బ్రతికింపగల మందు ఒక్క వర్తకుని వద్దనే యున్నది. అతడు తనకైన ఖర్చునకు పదిరెట్లు అడుగుచున్నాడు. భర్త వద్ద అంత ధనము లేదు. అతడు దొంగిలింపవచ్చునా? పిల్లవాడు అవుననునా కాదనునా అన్నది ఆ పండితునకు ముఖ్యము కాదు. ఎందుచేత అన్నదియే ముఖ్యము. ఆ కారణములను బట్టి ఆయన ధర్మబుద్ధికి మెట్లు కట్టెను. దెబ్బలు పడునని మానుట, లాభము కలుగునని చేయుట అన్నిటికన్న క్రిందివి. నలుగురు మెత్తురనియో చట్టమున్నదనియో చేయుట నడిమివి. ఎవరు మెచ్చినను మెచ్చకున్నను ఇది ధర్మమని తానే నిశ్చయించుకొని నిలుచుట పైది. పై మెట్టునకు చేరువారు అరుదని ఆయనయే ఒప్పుకొనెను. 1982లో కారల్ గిల్లిగన్ అను విదుషి ఈ మెట్లలో న్యాయమునకే గాని దయకు చోటు చాలలేదని ఆక్షేపించినది. తన చేతిలోని మనిషికి కీడు జరుగరాదన్న ఆర్తి కూడ ధర్మబుద్ధియే యని ఆమె వాదము. రోగి ప్రక్కన నిలుచువారికి ఈ ఆక్షేపణ మిక్కిలి ముఖ్యము.

ఈ మెట్లను అలిపిరి మెట్ల ప్రక్కన పెట్టి చూచిన భక్తులకు కొంత ఇబ్బంది కలుగవచ్చును. సీటు ఇప్పించుము, తల సమర్పింతునని మ్రొక్కుకొనుట ఏ మెట్టు? లాభనష్టముల మెట్టు. గీతాచార్యుడు నలుగురు భక్తులను చెప్పి, అర్థార్థిని కూడ వారిలో చేర్చి, అందరును ఉదారులే యన్నాడు. కావున మ్రొక్కును తక్కువ చేయనక్కరలేదు. అయితే అక్కడనే నిలిచిపోయిన ఇంటిలో బిడ్డ నేర్చుకొనునదేమి? దేవునితో లెక్క సరిపోయినది, తల నీలాలతో బాకీ తీరినది, ఇక హాస్టలు గదిలో ఏమి చేసినను ఆ లెక్కలోనికి రాదని. సీటు స్వామి ఇచ్చినాడని నమ్మిన కుటుంబము, ఆ సీటులో కూర్చుండుట కూడ స్వామి కైంకర్యమేయని బిడ్డకు చెప్పకున్న ఆ నమ్మకము సగమే.

ఇట్టి విద్యార్థి కథ మహాభారతమున ఆదిపర్వములోనే యున్నది. నన్నయభట్టు తెనిగించిన భాగములోనిది గనుక తెలుగువారికి తొమ్మిదివందల యేండ్లకు పైగా పరిచితము. దానిని సాధారణముగా ప్రేమకథగా చెప్పుదురు. నిజమునకు అది ప్రాణము పోయు విద్యను నేర్వబోయిన ఒక యువకుని కథ.

దేవాసుర యుద్ధములలో చచ్చిన అసురులను శుక్రాచార్యుడు మృతసంజీవనితో బ్రతికించుచుండెను. దేవతలకు ఆ విద్య లేదు. బృహస్పతి కుమారుడైన కచుని పిలిచి, పోయి నేర్చుకొని రమ్మనిరి. అది శత్రువుల పట్టణము. అతనికి తనవారు ఒక్కరును లేరు. కచుడు చేసిన మొదటి పని తన పేరు, తండ్రి పేరు దాచక చెప్పుట. శత్రువర్గపు పురోహితుని కుమారుడని తెలిసియు శుక్రుడు అతనిని శిష్యునిగా స్వీకరించుట ఆ గురువు గొప్పతనము. కచుడు బ్రహ్మచర్యవ్రతము పూని గోవులను కాచెను, సమిధలు తెచ్చెను, గురుపుత్రి దేవయానికి పూలు కోసి యిచ్చి సంతోషపెట్టెను. సీనియర్లనదగిన అసురులు అతనిని ఓర్వలేకపోయిరి. ఒకనాటి సాయంకాలము గోవులు ఇంటికి వచ్చినవి, కచుడు రాలేదు. అతనిని అడవిలో చంపిరి. దేవయాని ప్రార్థింప శుక్రుడు బ్రతికించెను. మరల చంపిరి, మరల బ్రతికించెను.

మూడవమారు వారు కచుని కాల్చి, ఆ బూడిదను మద్యములో కలిపి గురువునకే త్రాగించిరి.

ఇక్కడ ఆగి చూడవలెను. ముల్లోకములలో ప్రాణమును మరల తేగల వైద్యుడు అతడొక్కడే. అతని చేతిలోని పాత్రలో అతని శిష్యుడే బూడిదయై యున్నాడు. అతడు ఎరుగక త్రాగెను. విద్య తగ్గలేదు, మంత్రము మరువలేదు, కాని ఆ ఒక్క పాత్ర ముందు ఆ విద్య పనిచేయలేదు. రాత్రి డ్యూటీకి త్రాగి వచ్చిన వైద్యుని గూర్చి ఇంతకంటె కఠినముగా ఏ చట్టమును చెప్పలేదు.

దేవయాని ఏడ్చెను. శుక్రుడు ధ్యానించి పిలిచెను. కచుడు గురువు కడుపులో నుండి మెల్లగా బదులు పలికెను. గురువు అనుగ్రహము వలన తనను స్మృతి విడువలేదనియు, జరిగినదంతయు గుర్తున్నదనియు, కడుపు చీల్చుకొని వచ్చిన గురుహత్య యగునని భయపడుచున్నాననియు చెప్పెను. చరకుడు చెప్పిన స్మృతి ఇదియే. శరీరము బూడిదయై, మద్యములో కలిసి, చీకటి కడుపులో నున్న శిష్యునకు స్మృతి చెడలేదు. సింహాసనము వంటి ఆసనముపై కూర్చున్న గురువునకు చెడినది.

కచుడు వెలుపలికి వచ్చిన శుక్రుడు చచ్చును. రాకున్న కచుడు చచ్చును. శుక్రుడు వేరు దారి లేక ఆ విద్యను కడుపులోని శిష్యునకే ఉపదేశించెను. కచుడు పొట్ట చీల్చుకొని వచ్చెను. ఎదుట గురువు నిర్జీవుడై పడియున్నాడు.

కచుడు ఎందులకు వచ్చెనో ఆ పని ఆ క్షణమున ముగిసినది. విద్య చేతికి వచ్చినది. అసురులకు ప్రాణమిచ్చు ఏకైక వ్యక్తి మరణించినాడు. కచుడు ఏమియు చేయనక్కరలేదు. ఊరకుండిన చాలును, దేవతలకు జయము. ఇంటికి పోయిన పూలవాన కురియును. ముమ్మారు తన్ను చంపినవారి గురువును బ్రతికింపలేదని తప్పుపట్టువాడు ఒక్కడును ఉండడు. దండనభయము లేదు, లాభము అటువైపే యున్నది, తోడివారి మెప్పు అటువైపే యున్నది. ఆ పండితుని క్రింది మెట్లన్నియు ఇంటికి పొమ్మనుచున్నవి. కచుడు తాను నేర్చిన విద్యను మొట్టమొదట గురువుపైననే ప్రయోగించి ఆయనను లేపెను. లేపి నమస్కరించెను. అటుపై వెంటనే పోలేదు. ఒప్పుకొన్న గురుకులవాసము ముగియువరకు అక్కడనే సేవచేసి, సెలవు పుచ్చుకొని మరీ కదలెను.

లేచిన శుక్రుడు చేసినది కూడ గొప్పదే. ఆయన అసురులను నిందించి ఊరకుండవచ్చును; కలిపి యిచ్చినది వారు గదా. కాని ఆయన తప్పును పాత్రలోనే చూచెను. నాటినుండి మద్యపానమునకు కఠినమైన నిషేధమును విధించెను. గురువు తన నడవడిని తానే తప్పుపట్టుకొని హద్దు పెట్టిన సన్నివేశమిది. పిల్లలకు నీతి చెప్పువారు ఈ కథలో కచుని చూపుదురు గాని శుక్రుని చూపుట అరుదు.

మద్యమును, ఓర్వలేమిని కలిపి త్రాగినవారు ఆ అసురులతో అంతము కాలేదు. 2009 మార్చిలో హిమాచల్ ప్రదేశ్‌లో మొదటి సంవత్సరపు వైద్యవిద్యార్థి ఒకడు, త్రాగియున్న సీనియర్ల దెబ్బలకు మరణించెను. కొట్టినవారును రేపటి వైద్యులే. ఆ సంవత్సరముననే ర్యాగింగును అరికట్టుటకు విశ్వవిద్యాలయముల నిధుల సంఘము దేశమంతటికి నియమములు చేసెను. ఆంధ్రప్రదేశ్‌లో అంతకుముందే, 1997లో, నిషేధచట్టము వచ్చియుండెను. చట్టములు అవసరము. అయితే త్రాగినవాని గదిలో చట్టపుస్తకము తెరచి చదువువారు ఉండరు. ఆ గదిలో ఉండగలిగినవాడు 'ఇక చాలు' అను తోడివాడొక్కడే. ఆ రాత్రి అట్టివాడు కావలసియుండెను.

చరకుడు శిష్యునకు అగ్నిసాక్షిగా చేయించు ప్రతిజ్ఞలలో ఈ ఎరుక కనబడును. రోగి కొరకు రాత్రింబగళ్లు పాటుపడవలెను, తన ప్రాణము మీదికి వచ్చినను రోగికి ద్రోహము చేయరాదు, పరస్త్రీని మనసున కూడ కోరరాదు, రోగి ఇంటి సంగతులు వెలుపల చెప్పరాదు అని చెప్పుచు, మద్యమునకు లోనుకారాదు, పాపము చేయరాదు అనియు విధించెను. అంతటితో ఆగక పాపులు తోడుగా లేనివాడై యుండవలెనని మరియొకటి చేర్చెను. మనిషి ఒంటరిగా చెడుట తక్కువ, గుంపులో చెడుట ఎక్కువ అని ఆ ముని ఎరుగును. ఈ ప్రతిజ్ఞను పురస్కరించుకొని 2022లో జాతీయ వైద్య సంఘము చరకశపథమును వైద్యవిద్యార్థులకు సూచించినప్పుడు వాదోపవాదములు చెలరేగినవి. ఏ శపథము చదివించవలెనన్నది పెద్దలు తేల్చుకొందురు. చదివిన శపథము ఆ రాత్రి గుర్తుకు వచ్చునా అన్నది విద్యార్థి తేల్చుకొనవలసినది.

సుశ్రుతుడు మరియొక అడుగు ముందుకు వేసెను. శిష్యుని చేత ప్రతిజ్ఞ చేయించిన పిదప గురువును కూడ చేయుమనెను. నీవు చక్కగా నడచుకొనుచుండగా నేను వేరుగా చూచితినేని నాకు పాపము కలుగుగాక, నా విద్య నిష్ఫలమగుగాక యని గురువు శిష్యునితో చెప్పవలెను. శిష్యుల నడవడిని గూర్చి సమావేశములు జరుపు కళాశాలలలో ఈ రెండవ ప్రతిజ్ఞను కూడ చదివింపదగును. వార్డులో రోగిని 'ఆ బెడ్డు' అని పిలుచు ఆచార్యుని వెంట తిరుగు విద్యార్థికి నీతిపాఠము ప్రత్యేకముగా ఎన్ని గంటలు చెప్పినను వినబడునది ఆ పిలుపే.

ఒక చిన్న విషయమును ఇక్కడ చెప్పవలెను. సాహసమనగా త్రాగుట, పరుగెత్తుట మాత్రమే కాదు. రోగికి సూది వేయునప్పుడు అది తన వ్రేలికి గుచ్చుకొనుట వైద్యవిద్యార్థులకు తరచు జరుగును. గుచ్చుకొన్న సూది హెపటైటిస్ బి తీవ్రముగా ఉన్న రోగిదై, టీకా వేయించుకొననివాడైన యెడల, నూటికి ముప్పది వరకు ఆ రోగము సోకు అవకాశము కలదు. ఎయిడ్సు క్రిమి విషయమున అది వేయింటికి మూడు మాత్రమే. దానిని ఆపు మందులు కూడ కలవు, కాని గంటలలో మొదలుపెట్టవలెను, 72 గంటలు దాటిన ప్రయోజనముండదు. ఇంత తెలిసియు ఎందరో విద్యార్థులు గుచ్చుకొన్న సంగతిని దాతురు. ఆచార్యుడు కోపగించునని, తోడివారు నవ్వుదురని, పేరు పుస్తకములోనికి ఎక్కునని. దండనభయము, నలుగురి మాట. ఆ రెండు క్రింది మెట్లే మరల. వ్రేలిని నీటిక్రింద పెట్టి కడిగి, తిన్నగా పోయి 'నాకు గుచ్చుకొన్నది' అని చెప్పుటకు కచుడు తండ్రి పేరు దాచక చెప్పినంత ధైర్యము కావలెను. దాచినవాని వలన కీడు వానితో ఆగదు. రేపు వాడు ముట్టు రోగులు కలరు, ఇంటిలో అమ్మ కలదు.

వైష్ణవాలయములు ఈ సంగతులకు దూరముగా నుండెడివని తలచుట పొరపాటు. కాంచీపురమునకు సమీపమున, పాలారు, చెయ్యారు, వేగవతి నదులు కలియు తిరుముక్కూడల్ అను క్షేత్రమున వేంకటేశ పెరుమాళ్ ఆలయము కలదు. 11వ శతాబ్దమున వీరరాజేంద్రచోళుని కాలమునాటి గొప్ప శాసనము అక్కడ నున్నది. ఆ ఆలయమునకు అనుబంధముగా వేదపాఠశాల, విద్యార్థులు వసించు హాస్టలు, 15 పడకల ఆసుపత్రి నడచినట్లు అది తెలుపును. ఆసుపత్రికి వీరశోళన్ అని పేరు. ఒక వైద్యుడు, ఒక శస్త్రవైద్యుడు, మూలికలు తెచ్చువారు ఇరువురు, రోగులకు పరిచర్య చేయు స్త్రీలు ఇరువురు, ఒక మంగలి నియమింపబడిరి. ఎవరికెంత ధాన్యమో, ఏ ఏ ఔషధములు నిలువయుంచవలెనో కూడ శిలపై చెక్కిరి. ఆ పడకలు ఆలయ పరిజనులకు, పాఠశాల విద్యార్థులకు. చదువుకొను పిల్లవాడు జ్వరపడిన ఎవరికి చెప్పుకొనవలెనో వెదకుకొననక్కరలేదు. పెరుమాళ్ళ గోడ ప్రక్కనే వైద్యుడుండెను. నీతి తప్పునప్పుడు మందలించువారును ఆ ప్రాకారములోనే ఉండియుందురు.

నేటి విద్యార్థికి ఆ ప్రాకారము లేదు. దానికి మారుగా ఇంటివారు చేయగలిగినది కొంత కలదు. వారము వారము ఫోను చేసి ఎన్ని మార్కులు వచ్చినవని అడుగు తండ్రి, కుమారుడు ఎవరితో కలిసి భోజనము చేయుచున్నాడో అడుగవచ్చును. ఆ స్నేహితుని కూడ సెలవులకు ఇంటికి పిలువవచ్చును. తప్పు జరిగిన చెప్పుటకు వెనుదీయని చనువును ముందుగానే ఇవ్వవచ్చును. చెప్పిన దినమున కేకలు వేయకుండుట ఆ చనువునకు మొదటి పరీక్ష. ఏకాదశినాడు హాస్టలులో ఉపవాసము కుదురలేదన్న బిడ్డను మందలించుటకు ముందు, ఆ రాత్రి అతడు వార్డులో ఎవరి ప్రక్కన కూర్చున్నాడో అడిగిన మంచిది.

కచుడు గురుకులము విడుచునాడు దేవయాని తన్ను పెండ్లాడుమని కోరెను. గురువు కడుపున ఇద్దరమును వసించితిమి గనుక నీవు నాకు సోదరివని అతడు నిరాకరించెను. నేర్చిన విద్య నీకు ఫలింపకుండుగాక యని ఆమె శపించెను. ఇన్నియేండ్ల శ్రమ, మూడు చావులు, ఆ ఒక్క మాటతో పోవలసినవి. కచుడు ఆ శాపమును వారింపుమని వేడుకొనలేదు. నాకు ఫలింపకున్న నేమి, నేను ఎవరికి నేర్పుదునో వారికి ఫలించునని చెప్పి దేవలోకమునకు పోయెను. అక్కడ ఇంద్రాదులు ఎదురువచ్చిరి.

ఈ యేడు బిడ్డను వైద్యకళాశాలలో చేర్చిన గృహస్థులు ఒకటి విచారింపవలెను. హెపటైటిస్ బి టీకా మూడుమార్లు వేయించుకొనవలెను. మొదటిది వేయించుకొన్న నెలకు రెండవది, ఆరు నెలలకు మూడవది. మొదటి రెండును స్నేహితులతో కలిసి పోయి వేయించుకొందురు. మూడవదాని వేళకు పరీక్షలు వచ్చును. అది మరచిపోవుట పరిపాటి.